తప్పుకి తగ్గింపు ధర: ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ గారికి ఒక లేఖ

మహారాజశ్రీ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ గారికి,

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి మీ అభిమాని రాయునది. ఉభయకుశలోపరి.

అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లు ఒకటో నంబరు నుంచి వరసగా, రౌండ్లవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే మీ మూడు రోజుల ఉత్సవానికి మొన్న ఇంట్లో టీవీ మొత్తం కబ్జా చేశాను. చూసిందేమిటయ్యా అంటే, సూట్లు వేసుకున్న పెద్దమనుషులు ఓ కాలేజీ కుర్రాడి గురించి గొంతు తగ్గించి "క్యారెక్టర్ కన్సర్న్స్ ఉన్నాయి", అంటే నడవడిక మీద అనుమానాలున్నాయి అనడం. ఏం చేశాడో ఒక్కరూ చెప్పరు. సంగతి తెలియకుండానే మా హాల్లో అందరం వాణ్ణి అనుమానించేశాం.

మీ ఎంక్వైరీలు పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలను మించిపోయాయి. 2010లో మయామి టీమ్ జనరల్ మేనేజర్, డెజ్ బ్రయంట్ అనే కుర్రాణ్ణి ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి, వాళ్ళమ్మ వేశ్యా అని అడిగాడు. తర్వాత క్షమాపణ చెప్పాడులెండి. అడిగినవాడి క్యారెక్టర్ ఏ రౌండ్‌కి సరిపోతుందో మాత్రం మీరు ప్రకటించలేదు.

మా డల్లాస్ టీమ్ కౌబాయ్స్ తెలివి వేరే. 1998లో రాండీ మాస్ అనే ఆటగాడి పాత గొడవలు చూసి ఎనిమిదో నంబరు దగ్గర మొహం తిప్పుకున్నారు. అతను 21వ నంబరుకి మిన్నెసోటా వెళ్ళి, అదే ఏడాది థ్యాంక్స్‌గివింగ్ నాడు డల్లాస్ మీద మూడు క్యాచ్‌లు పట్టాడు. మూడూ స్కోరు తెచ్చే టచ్‌డౌన్లే. ఇక్కడి పాత అభిమానుల దగ్గర ఆ మాట ఎత్తితే ఇప్పటికీ టాపిక్ మార్చేస్తారు.

నాకు మింగుడుపడనిది 2016 ఏప్రిల్ 28 రాత్రి. షికాగోలో మీ వేదిక మీద మొదటి పేరు చదవడానికి కొన్ని నిమిషాల ముందు, లారెమీ టన్సిల్ అనే కాలేజీ ఆటగాడి ట్విట్టర్ ఖాతాలోకి ఎవరో చొరబడి, అతను గ్యాస్ మాస్క్ తగిలించుకుని గంజాయి పీలుస్తున్న పాత వీడియో పెట్టారు. టాప్ ఆరులో పోతాడనుకున్నవాడు. ఆరో నంబరు దగ్గర బాల్టిమోర్, అతను ఆడే చోటే ఆడే రోనీ స్టాన్లీని తీసుకుంది. టన్సిల్ కుర్చీలో కూర్చునే ఉన్నాడు. మీ కెమెరా కూడా అతని మొహం మీద అలాగే కూర్చుంది. చివరికి పదమూడో నంబరుకి మయామి పిలిచింది.

ఏ నంబరుకి ఎంత జీతమో, వెనకబడేకొద్దీ తగ్గేలా, 2011 నుంచి మీరు ముందే లెక్క రాసిపెట్టారు కదా. 2016లో ఆరుకీ పదమూడుకీ నాలుగేళ్ళ ఒప్పందం మొత్తంలో తేడా సుమారు 80 లక్షల డాలర్లు. సరే, తప్పు చేశాడు, జరిమానా పడింది అనుకుందాం. ఆ జరిమానా ఎవరి జేబులోకి వెళ్ళింది? కోర్టుకి కాదు, ఏ ధర్మసంస్థకీ కాదు. తక్కువ ధరకి కొనుక్కున్న టీమ్‌కి! ఆ టీమే 2019లో అతన్ని హూస్టన్‌కి ఇచ్చి, బదులుగా రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (తర్వాతి డ్రాఫ్టుల్లో ఆటగాళ్ళని ఎంచుకునే హక్కులు), పైన ఒక సెకండ్ రౌండ్ పిక్ పుచ్చుకుంది. మరుసటి ఏడాది ఆటగాళ్ళ సంఘంతో ఒప్పందంలో, గంజాయి పరీక్షలో దొరికినంత మాత్రాన సస్పెన్షన్ ఉండదని మీ లీగే సంతకం పెట్టింది. కుర్రాడి 80 లక్షల ఊసు ఎవరూ ఎత్తలేదు.

అది పొగ. పిడికిలి సంగతి చూద్దాం. 2014లో ఓక్లహోమాలో జో మిక్సన్ అనే కాలేజీ ఆటగాడు ఒక అమ్మాయి మొహం మీద గుద్దితే ఎముకలు విరిగాయి. 2017లో అతన్ని, డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్ళని పరీక్షించే కంబైన్‌కి పిలవలేదు. శభాష్ అనుకున్నాను. ఆ ఏప్రిల్‌లోనే 48వ నంబరుకి సిన్సినాటి తీసుకుంది. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళే, క్షమాపణా చెప్పాడు, రెండో అవకాశం ఇవ్వొద్దని నేననను. కానీ గురువారం రాత్రి మొదటి రౌండ్‌లో ఏ టీమ్‌కీ పనికిరాని మనిషి శుక్రవారం రాత్రి రెండో రౌండ్‌కి ఎలా పనికొచ్చాడండీ? ఈ మధ్యలో ఏ గంగలో మునిగాడు? ఏ గంగా లేదు, రేటు తగ్గిందంతే. తగ్గిన ఆ రేటులో ఒక్క డాలరైనా దెబ్బ తిన్న అమ్మాయికి పోయే ఏర్పాటు మీ రూల్స్‌లో ఎక్కడైనా ఉందా? అవతల ఆడపిల్ల ఎముకలు విరిగితే ఇవతల ఓనర్‌కి డబ్బు మిగలడమేంటి? సిగ్గుండాలి.

వచ్చే ఏప్రిల్‌లో "క్యారెక్టర్ కన్సర్న్స్" అన్న ప్రతిసారీ స్క్రీన్ కింద ఒక పట్టీ వేయండి: కుర్రాడికి ఎంత పోయింది, ఏ ఓనర్‌కి ఎంత మిగిలింది. స్టేడియంలో ఎవరెంత వేగంగా పరిగెత్తారో సెకనులో వందో వంతు దాకా కొలిచే మీకు ఇదేమీ కష్టం కాదు.

ఇట్లు,
కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే ఊళ్ళోనే ఉంటూ వాళ్ళ మ్యాచ్ టికెట్ కొనలేని ఒక అభిమాని