ఇసుక ఉచితం, ఇతరములు మామూలే

విశాఖపట్నం దగ్గర పెందుర్తిలో ఇల్లు కట్టుకుంటున్నాను. ఏడాదిన్నరగా కట్టుకుంటూనే ఉన్నాను కాబట్టి సుస్థిర అభివృద్ధి గురించి మాట్లాడే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నా.

పోయిన వారం అర్ధరాత్రి దాటాక శ్రీకాకుళం నుంచి నాగావళి ఇసుక వచ్చింది. పగలంతా రాని లారీ ఒంటిగంటకే ఎందుకొచ్చిందని అడగకండి, ట్రాఫిక్ తక్కువట. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఇసుక ఉచితం, ఆ సంగతి మీకూ నాకూ లారీకీ కూడా తెలుసు. డ్రైవర్ చొక్కా జేబులోంచి మడతపెట్టిన చీటీ తీసిచ్చాడు. లోడింగు, కిరాయి, బత్తా, అన్నిటికంటే కింద "ఇతరములు 2,400". మొత్తం 22,000. చెమటకి మిగతా అంకెలు అలుక్కుపోయాయి గానీ ఆ 2,400 మాత్రం రెండుసార్లు దిద్దినట్టు నల్లగా ఉంది.

ఇతరములంటే ఏంటి బాబూ అనడిగా. "ఇసకకి డబ్బుల్లేవండి బావూ, దారికే" అన్నాడు.

ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి కొట్టి చూస్తే 10.9 శాతం తేలింది. ఒళ్లు జలదరించింది. ఎందుకంటే 2014లో ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమి వాళ్లు, పరాయి దేశపు అధికారులకి కంపెనీలు లంచమిచ్చిన 427 కేసులు ముందేసుకుని లెక్కకడితే, లంచం సగటున ఒప్పందం విలువలో సరిగ్గా 10.9 శాతం వచ్చింది. పారిస్‌లో అంతమంది నిపుణులు కూర్చుని తేల్చిన అంకెని, హైవే పక్క చీకట్లో టార్చి పట్టుకు నిలబడ్డ మనిషి నోటిలెక్కతో అందుకున్నాడు. నాలుగింట మూడు కేసుల్లో సొమ్ము మధ్యవర్తి చేతుల మీదుగానే వెళ్లిందని కూడా ఆ నివేదికలో ఉంది. మా లారీలో ఆ పోస్టు క్లీనర్ కుర్రాడిది. బండి పూర్తిగా ఆగకముందే దూకి, రికార్డుల మధ్య నోటు పెట్టి, టార్చి దాకా పరిగెత్తి, బండి కదిలాక వెనకనుంచి ఎక్కేస్తాడట. వాడికి పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి, అయినా ఎంత అనుభవమో!

ఐక్యరాజ్యసమితి 2015లో 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు పెట్టుకుని, 2030కల్లా సాధిస్తామంది. అందులో పదహారో లక్ష్యం కింద 16.5 అని ఒక ఉపలక్ష్యం ఉంది, అదేమంటుందంటే, లంచాలూ అవినీతీ బాగా తగ్గాలని. నాకు దీనిమీద అభ్యంతరం ఉంది. ఆ 2,400 ఓనరు భరించడు, డ్రైవర్ ఎలాగూ భరించలేడు, కాబట్టి రేవులోనే పొక్లెయిన్‌తో ఇంకో రెండు బకెట్లు ఎక్కువ వేయించుకుంటారు. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకి జరిగే నష్టం రెండింతలు కాదు, దాదాపు 16 రెట్లని ఇంజినీర్ల లెక్క. రోడ్డు గుంతలు పడుతుంది. గుంతలకి టెండరు పిలుస్తారు. టెండరుకి కంకర కావాలి, ఇసుక కావాలి, అవి మోయడానికి మళ్లీ లారీ కావాలి, ఆ లారీకి మళ్లీ ఇతరములు. సర్క్యులర్ ఎకానమీ, అంటే ఏదీ వృథా పోకుండా చక్రంలా మళ్లీ మళ్లీ తిరిగే ఆర్థిక వ్యవస్థ, అని విదేశాల వాళ్లు కోట్లు పోసి నేర్చుకుంటున్నది ఇదే కదా, మనకి నేషనల్ హైవే మీద ఫ్రీగా నడుస్తుంటే దాన్ని ఆపమంటారేంటి?

నది సంగతి కూడా చెప్పుకోవాలి. ఇసుకని సుస్థిరంగా ఎలా తవ్వాలో చెబుతూ కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నదిలో ఇసుక మేట స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతుంది, లోతుగా తోడేస్తే ఒడ్డునున్న ఊళ్లలో బావులూ బోర్లూ దిగిపోతాయి. కానీ దూరదృష్టితో ఆలోచించండి. మేట మొత్తం అయిపోయిన రోజున అక్రమ తవ్వకం అనే సమస్యే ఉండదు.

తెల్లారి మా మేస్త్రి వచ్చి, ఇసుక గుప్పిట్లో పట్టి నలిపి, చెయ్యి విదిలించి చూశాడు. అరచేతికి మట్టి అంటుకుంది. "అడుగు మట్టి వచ్చేసింది సార్, సిమెంటు ఇంకాస్త పట్టిద్ది" అన్నాడు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు తయారీదే. ఆ లెక్కన నాగావళి ఒడ్డున టార్చి వెలిగితే ఎక్కడో ధ్రువాల్లో మంచు కరుగుతుంది, అందులో నా వాటా నాలుగు బస్తాలు.

ఇదంతా మా బావమరిదికి చెప్పి గర్వపడబోతే అతను, అసలే వకీలు, నా ఉత్సాహం మీద నీళ్లు చల్లాడు. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారట, ఇచ్చినవాడిదీ నేరమే, ఏడేళ్ల దాకా జైలు. బలవంతం మీద ఇచ్చానంటే వదులుతారు, కాకపోతే ఇచ్చిన ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి.

"నేనెవరికీ ఇవ్వలేదు కదయ్యా, ఇచ్చింది క్లీనరు" అన్నా.

"చీటీ ఎవరి దగ్గరుంది బావా?" అన్నాడు.

వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నా. ఆ రోజుకి ఎనిమిది. రెండో లోడు ఈ రాత్రికి వస్తోంది.