కొలెస్ట్రాల్ పెరిగిందని బీపీ మాత్ర మానేస్తే

ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచే మా జట్టులో ఒకాయన ఈమధ్య బీపీ మాత్ర మానేశారు. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరైన మనిషి, కాగితం మీద ఉంటేనే నమ్ముతారు. ల్యాబ్ రిపోర్టులో ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 118 నుంచి 126కి ఎక్కింది. మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉంది కదా, అదే కొలెస్ట్రాల్ పెంచుతుందని ఫోన్‌లో చదివారట. అంతే, మానేశారు.

ఆయన చదివింది అబద్ధం కాదు, చిక్కల్లా అక్కడే. హెచ్ అంటే హైడ్రోక్లోరోథయాజైడ్, ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపించేసే మందు. ఈ థయాజైడ్ జాతి మందులు కొలెస్ట్రాల్‌నీ, రక్తంలో ఉండే ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వునీ కొద్దిగా పెంచుతాయి. డోసు తక్కువైతే ఆ పెరుగుదలా తక్కువే. అటెనొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి పాత బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) ట్రైగ్లిజరైడ్లు పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ని కాస్త తగ్గిస్తాయి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి వేరే రకం బీపీ మందులకు ఈ గొడవ లేదు.

కానీ రిపోర్టులో అంకె వేరు, గుండెకు జరిగేది వేరు. అమెరికాలో బీపీ మందుల మీద ఆల్‌హ్యాట్ అని పెద్ద పరీక్ష జరిగింది, 2002లో ఫలితాలొచ్చాయి. 33 వేల మందికి పైగా జనాన్ని మూడు భాగాలు చేసి, థయాజైడ్ తరహా క్లోర్‌థాలిడోన్, ఆమ్లోడిపిన్, లిసినోప్రిల్ ఇచ్చి చూశారు. నాలుగేళ్లకు క్లోర్‌థాలిడోన్ వాళ్ల సగటు కొలెస్ట్రాల్ మిగతావాళ్ల కంటే 2 మిల్లీగ్రాములు అటూఇటూగా ఎక్కువ తేలింది. గుండెపోట్లు మాత్రం పెరగలేదు. హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిగా పంపు చేయలేకపోవడం, అయితే మిగతా రెండింటి కంటే తక్కువే. అసలు తమాషా డాక్సాజోసిన్‌ది. అదే పరీక్షలో నాలుగో మందు, కొలెస్ట్రాల్‌ని కాస్త మెరుగుపరిచే రకం. హార్ట్ ఫెయిల్యూర్ క్లోర్‌థాలిడోన్ వాళ్ల కంటే దాదాపు రెట్టింపు కనబడటంతో 2000లోనే దాన్ని మధ్యలో ఆపేశారు. కొలెస్ట్రాల్ అంకె చూసి మందు ఎంచుకునే మన పెద్దమనిషి ఏది ఎంచుకునేవారో వేరే చెప్పాలా!

నన్నడిగితే, హెచ్ ఉన్న మాత్ర వేసుకునేవాళ్లు టెన్షన్ పడాల్సింది సోడియం, పొటాషియం, షుగర్, యూరిక్ యాసిడ్ గురించి. పెద్దవయసువాళ్లలో సోడియం పడిపోతే తూలుతారు, మతిమరుపుగా ఉంటారు. ఇంట్లోవాళ్లు వయసు మీద తోసేస్తారు. ఈ రక్తపరీక్షల మాట చీటీ రాసేటప్పుడే రెండు ముక్కల్లో చెబితే జనం ఫోన్ దగ్గరకు పోరు. బీటా బ్లాకర్ సంగతి ఇంకా వేరు. ఒక్కసారిగా ఆపితే ఛాతీనొప్పి, కొందరికి గుండెపోటు కూడా రావచ్చు. మార్చాలంటే డాక్టరే మెల్లగా తగ్గిస్తూ మార్చాలి.

మా జట్టులోని ఆ పెద్దమనిషి పది రోజులకి మెడికల్ షాపులో బీపీ చూపించుకుంటే 172/104. డాక్టరు పాత మాత్రే మళ్లీ మొదలుపెట్టి, పొటాషియం పరీక్ష రాసి, ఉప్పు తగ్గించారా అని అడిగారట. తగ్గించానన్నారట ఈయన. వారం వారం ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చుకునే ఎండు నెత్తళ్ల మాట మాత్రం ఎత్తలేదు.