ఎఫెసు పాలకమండలికి జరిగిన అన్యాయం

ఎఫెసు అనే ఊరి మీద రెండున్నర వేల ఏళ్లుగా ఒక నింద ఉంది. దాన్ని ఇవాళ కడిగేద్దామని కూర్చున్నాను. ఇప్పటి టర్కీ పడమటి తీరంలో, ఇజ్మీర్‌కి దక్షిణాన ఉండేది ఈ గ్రీకు పట్నం. పౌలు ఉత్తరాల పుణ్యమా అని మన చర్చిలకు వెళ్లేవాళ్లందరికీ పేరు పరిచయమే. నింద వేసింది పొరుగూరివాడు కూడా కాదు, సొంత ఊరి తత్వవేత్త హెరాక్లిటస్. ఒకే నదిలో రెండుసార్లు దిగలేం అన్నాడని చెబుతారే, ఆయనే. ఎఫెసులో పెద్దమగాళ్లంతా ఒక్కడు మిగలకుండా ఉరేసుకుని, ఊరిని మీసాలు రాని పిల్లలకు అప్పగిస్తే మేలని రాశాడాయన.

అంత కోపం ఎందుకయ్యా అంటే, హెర్మొడోరస్ అని ఊళ్లో అందరికంటే పనికొచ్చే మనిషి ఒకడుంటే, అతన్ని వీళ్లు తరిమేశారట. తరిమేస్తూ కారణం కూడా చెప్పారు: మాలో ఎవడూ అందరికంటే గొప్పవాడు కాకూడదు, అలాంటివాడు ఉంటే వేరే ఊరికి పోయి అక్కడ ఉండాలి.

ఇందులో తప్పేమిటో నాకు అర్థం కాలేదు. అర్హత ఉన్నవాణ్ని పక్కన పెట్టాలంటే ఈ రోజుల్లో కమిటీ వేయాలి, ఇంటర్వ్యూ జరపాలి, ఫైలు పోగొట్టాలి, ఆ తర్వాత అతను కోర్టుకెళ్తే అదో టెన్షన్. ఎఫెసువాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు, దాపరికం లేదు. పైగా హెర్మొడోరస్‌కి నష్టం ఏమీ జరగలేదు, రోమ్ వెళ్లి అక్కడ పన్నెండు పట్టికల చట్టం (రోమన్ల తొలి రాతపూర్వక చట్టం) రాయడంలో సాయం చేశాడని, వాళ్లు విగ్రహం కూడా పెట్టారని చెబుతారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు, పొరుగు పెరట్లో నాటితే పనికొస్తుంది. ఈ లెక్కన ఎఫెసు చేసింది ఎగుమతి.

అన్నట్టు ఆ హెరాక్లిటస్‌ని, మా ఊరికి చట్టాలు నువ్వైనా రాసిపెట్టు నాయనా అని అడిగారట. రాయలేదు. ఊరి దేవత ఆర్టెమిస్ గుడి దగ్గర పిల్లలతో కూర్చుని, ఎముక ముక్కలతో మన అచ్చనగాయల్లాంటి ఆట ఆడుకున్నాడు. చుట్టూ మూగి చూసేవాళ్లతో, మీతో రాజకీయం చేయడం కంటే ఇదే నయం కదా అన్నాడని కథ. పని చేయమంటే చేయడు, చేసేవాళ్ల మీద రాస్తాడు. మా కాలమిస్టుల కులదైవం.

రక్షణ వ్యవహారాల్లో ఈ ఊరి తెలివి చూడండి. పక్కనున్న లిడియా రాజ్యపు రాజు క్రీసస్ దండెత్తి వస్తే, ఆర్టెమిస్ గుడి నుంచి ఊరి గోడ దాకా తాడు కట్టి, ఊరంతా దేవిదే, ఇక ముట్టుకోండి చూద్దాం అన్నారు. మధ్య దూరం ఏడు స్టేడియాలని, అంటే కిలోమీటరు పైమాటేనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఒక్క మోకుతో పోయే దానికి సైన్యం, జీతాలు ఎందుకు? ఊరు ఎలాగూ క్రీసస్ చేతిలోకే పోయిందనుకోండి, అది వేరే విషయం. ఆ తర్వాత ఆయనే గుడికి స్తంభాలు ఇచ్చాడు. తాడుకి పెట్టిన ఖర్చు రాబట్టుకున్నట్టే.

ఆ గుడి కట్టడానికి 120 ఏళ్లు పట్టిందని, 127 స్తంభాలని, ఒక్కోటి 60 అడుగులని రోమన్ రచయిత ప్లినీ లెక్క. పాలరాయి ఎక్కడి నుంచి తేవాలా అని పెద్దలు పారోస్, థాసోస్ అంటూ దూరపు దీవుల పేర్లు చర్చిస్తుంటే, ఊరి పక్క గుట్ట మీద రెండు పొట్టేళ్లు కొట్టుకున్నాయి. ఒకదాని కొమ్ము బండకు తగిలి తెల్లటి పెచ్చు ఊడింది. కాపరి పిక్సొడారస్ ఆ పెచ్చు పట్టుకుని ఊళ్లోకి పరిగెత్తాడు. అతనికి శుభవార్తలవాడు అని కొత్త పేరు పెట్టారు, అధికారి ప్రతి నెలా ఆ చోటికి వెళ్లి బలి ఇవ్వాలని, వెళ్లకపోతే జరిమానా అని రూలు కూడా పెట్టారు. చూశారా, సన్మానాలకు వాళ్లేమీ వ్యతిరేకం కాదు. కనిపెట్టింది పొట్టేలు అయితే చాలు, గొప్పవాడి సమస్య రాదు.

ఇక క్రీ.పూ. 356. ఒకడు తన పేరు చిరకాలం నిలవాలని ఆ గుడికి నిప్పు పెట్టాడు. గుడి చెక్క కప్పు కాలిపోయింది. వాణ్ని శిక్షించారు, అక్కడితో ఆగితే మామూలు ఊరు అయ్యేది. వాడి పేరు ఎవరూ ఎత్తకూడదని తీర్మానం చేశారు. థియోపాంపస్ అనే చరిత్రకారుడు మాత్రం పేరు రాసి కూర్చున్నాడు. చట్టాన్ని గౌరవించేవాణ్ని కాబట్టి నేను రాయను. మీరు ఫోన్ తీసి గుడి తగలబెట్టినవాడు అని వెతకండి, మొదటి వరుసలోనే ఉంటాడు. కట్టినవాళ్ల పేర్లు కెర్సిఫ్రాన్, అతని కొడుకు మెటాజెనెస్. వీళ్ల మీద ఎప్పుడూ ఏ నిషేధమూ లేదు, అయినా టైపు చేస్తూ నాకే రెండుసార్లు తప్పు పడింది.

అదే రాత్రి అలెగ్జాండర్ పుట్టాడని, ఆ పురుడు పోయడానికి ఆర్టెమిస్ వెళ్లడం వల్లే గుడిని కాపాడలేకపోయిందని హెగేసియస్ అనే ఆయన జోకు వేశాడు. ఆ మంటను ఆర్పేసేంత చప్పటి జోకు అని జీవితచరిత్రలు రాసిన ప్లుటార్క్ వ్యాఖ్య. ఆ అలెగ్జాండరే తర్వాత వచ్చి, గుడి కట్టే ఖర్చంతా నాది, శిలాఫలకం మీద పేరు మాత్రం వేయండి అన్నాడు. ఒక దేవుడు ఇంకో దేవుడికి గుడి కట్టించడం బాగుండదు స్వామీ అని జవాబిచ్చి, ఆడవాళ్ల నగలు అమ్మి సొంతంగా కట్టుకున్నారు. కాంట్రాక్టరు బిల్లు వాయిదా వేయడానికి కూడా ఇంత మర్యాదైన మాట నేను వినలేదు.

అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన లిసిమాకస్ రాజుగా వచ్చాక ఊరిని కొత్త చోటికి మార్చాలనుకున్నాడు. గోడలు కట్టాడు, జనం కదల్లేదు. ఈ రాజు సభ పెట్టలేదు, నష్టపరిహారం ప్రకటించలేదు. పెద్ద వాన కోసం కాచుకుని, పడగానే మురుగుకాలువలు మూయించాడు. ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, జనం సంతోషంగా కొత్త చోటికి మారిపోయారని భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. సంతోషంగా అన్న మాట నాది కాదు, ఆయనదే. మన దగ్గర కాలువలు వాటంతటవే మూసుకుపోతాయి కాబట్టి ఈ పద్ధతి విలువ మనకు తెలియదు. కొత్త ఊరికి భార్య ఆర్సినోయీ పేరు పెట్టాడు, అది మాత్రం జనం నాలుక మీద నిలవలేదు.

రేవు సంగతి క్లుప్తంగా చెబుతాను, చదివితే ఏడుపొస్తుంది. పెర్గమాన్ రాజు అట్టాలస్ ఇంజినీర్లు, రేవు ముఖద్వారం ఇరుకు చేస్తే లోతు పెరుగుతుందని అడ్డుకట్ట వేయించారు. నది తెచ్చిన ఒండ్రు బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుంది. ఇప్పుడు సముద్రం కిలోమీటర్ల అవతల ఉంది. ఆ నదిలో రెండుసార్లు దిగలేమన్న పెద్దమనిషి ఈసారి పడవ దిగడానికి కూడా చోటు లేదని రాసేవాడు.

పౌలు కాలంలో ఆర్టెమిస్ గుడి నమూనాలు వెండితో చేసే దెమేత్రి, పౌలు బోధ వల్ల తన వ్యాపారం పోతోందని జనాన్ని పోగేస్తే, థియేటర్ నిండిపోయి, మా ఆర్టెమిస్సే గొప్పది అని రెండు గంటలు అరిచారు. ఎందుకు వచ్చామో చాలామందికి తెలియదని బైబిల్లోనే ఉంది. చివరికి ఊరి కరణంలాంటి ఒకాయన లేచి, కోర్టులు ఉన్నాయి, ఫిర్యాదు ఉంటే అక్కడ ఇవ్వండి, ఇళ్లకు పొండి అని పంపించాడు. ఈయన పేరు ఎక్కడా లేదు. హెర్మొడోరస్ గతి తెలిసినవాడై ఉంటాడు.

ఆ గుడిని మూడో శతాబ్దంలో గోత్ అనే తెగవాళ్లు దండెత్తి వచ్చి కూల్చారు. తర్వాత అది ఎక్కడుందో కూడా తెలియకుండా పోతే, జాన్ టర్టిల్ వుడ్ 1863లో తవ్వకాలు మొదలుపెట్టి 1869 చివర్లో మట్టి కింద కనిపెట్టాడు. ఇప్పుడు ఆ బురదనేలలో, దొరికిన ముక్కలు పేర్చి నిలబెట్టిన స్తంభం ఒక్కటి ఉంది. దాని పైన కొంగ గూడు కట్టుకుంటుంది. చుట్టుపక్కల అంత ఎత్తులో కూర్చున్నది అదొక్కటే, అయినా దాని మీద ఇంతవరకు ఏ తీర్మానమూ రాలేదు. చలికాలం ముందు అదే లేచి వేరే దేశానికి పోతుంది.