ఫ్రిజ్ రబ్బరూ, మా బావగారూ

మా ఫ్రిజ్ డోర్ రబ్బరు కింది మూల చిరిగి చాలాకాలమైంది. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపేసి లాగితే బిగుతుగా పట్టుకోవాలి కదా, మాకు ఊదితే చాలు, కింద పడేది. ఫ్రీజర్లో మంచు గుట్టలు, కంప్రెసర్‌కి రాత్రీ పగలూ విశ్రాంతి లేదు, కరెంటు బిల్లు ఊసెత్తకండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ఆ అంకె నొక్కి ఈ అంకె నొక్కి పాటలన్నీ విన్నాక ఒకావిడ ఎంతో మర్యాదగా "రబ్బరు విడిగా రాదు సార్, డోర్ మొత్తం మార్చాలి" అంది. చెప్పు తెగిందంటే కాలు మార్చుకోమన్నట్టు! అదే రబ్బరు కోఠి గుజరాతీ గల్లీలో మోడల్ నంబరు చూపించగానే చుట్టచుట్టి చేతిలో పెట్టారు.

వేడినీళ్ళలో ముంచి మడతలు పోగొట్టాను, గాడిలోకి నొక్కాను, అయిపోయింది. స్విచ్ వేసి తలుపు మూసేసరికి కాలింగ్ బెల్. మా ఆవిడ వాళ్ళ అన్నయ్య.

"ఏం బావా, ఎండలో పడొచ్చాను, కాసిన్ని చల్లటి నీళ్ళియ్యి."

లాగాను. రాలేదు.

ఇక్కడ కాస్త సైన్సుంది. అంతసేపు తలుపు తీసే ఉంచాం కాబట్టి లోపలంతా వెచ్చటి గాలి. తలుపేశాక అది చల్లబడి కుంచించుకుపోతే, బయటి గాలి తలుపుని లోపలికి నొక్కేస్తుంది. పాత రబ్బరైతే చిరుగుల్లోంచి గాలి దూరి సర్దుకునేది, కొత్తది ఆ దారీ మూసేసింది. కాసేపాగితే దానంతటదే వదులుతుంది. ఈ ముక్క చెబుదామని నేను నోరు తెరిచేలోపే బావగారు చొక్కా చేతులు మడిచేశారు. కరెంటాఫీసులో రిటైరైన మనిషి, సబ్‌స్టేషన్లో ఎలాంటి తలుపులు తెరిచారో చెప్పుకుంటూ లాగారు. తలుపు రాలేదు కానీ ఫ్రిజ్ వచ్చింది. దాని కింద చక్రాల స్టాండుంది మరి. ఆయన ఒకడుగు వెనక్కేస్తే అదీ ఒకడుగు ముందుకి, పైన కుట్టుపూల కవరుతో, మందుల డబ్బాతో, ఎప్పటివో శుభలేఖలతో సహా. "ఆగండి బావగారూ, గాలి..." అంటున్నాను. "గాలేంటి బావా, బలం ఉండాలి" అని ఆయన ఒక కాలు ఫ్రిజ్‌కి తన్నిపెట్టి మళ్ళీ లాగారు. వైరు సాగి ప్లగ్గు ఊడొచ్చింది. సరిగ్గా అప్పుడే తలుపుకి జాలి కలిగింది.

బావగారు నేలమీద, ఒళ్ళో నీళ్ళ బాటిల్, చుట్టూ గుడ్లు. లేవకుండానే మూత తీసి ఒక గుక్క తాగారు.

"వేడిగా ఉన్నాయేంటి బావా?"

గుడ్ల సంగతి మా ఆవిడ ఇంకా ఎత్తలేదు. అన్నయ్య వెళ్ళాక ఎత్తుతుంది.