అడుగు ధర తక్కువే.. మిగతా లెక్క సంగతేంటి?

హైదరాబాద్‌లో మొదటి ఇల్లు కొనాలనుకునే జీతగాళ్లకు చుట్టాలైనా, ఆఫీసులో సీనియర్లైనా, బ్రోకరైనా చెప్పే మాట ఒకటే. 'ఇక్కడ మన వల్ల కాదు, కాస్త బయటికెళ్తే చవగ్గా వస్తుంది.' ఈ 'కాస్త బయటికి' అనేది ఒకప్పుడు మియాపూర్, నిజాంపేట. తర్వాత బాచుపల్లి, బీరంగూడ అయింది. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు కూడా దాటేసి సంగారెడ్డి వైపు, షాద్‌నగర్ వైపు, ఘట్‌కేసర్ అవతల బీబీనగర్ వైపు వేలు చూపిస్తున్నారు. సలహా తప్పని అనను కానీ అందులో ఉన్నది సగం లెక్కే.

ఆ మిగతా సగం కూడా వేసి చూస్తే నాకు తేలేది వేరు. నలభై, యాభై వేల ఈఎంఐ కట్టగలిగే కుటుంబానికి 'డెవలప్ అవుతున్న' ఏరియాలో కొత్త ఫ్లాట్ కంటే, ఎప్పుడో డెవలప్ అయిపోయిన పాత కాలనీలో పదేళ్ల నాటి ఫ్లాట్ నయం. చుట్టాలకు చూపించుకోవడానికి అంత బాగుండదు, అది నిజమే.

ముందు డబ్బు సంగతి. ఊరి బయట 60 లక్షల ఫ్లాట్, ఆఫీసుకు దగ్గర్లో 75 లక్షల ఫ్లాట్ ఉన్నాయనుకుందాం. రెండింటికీ బ్యాంకు 80 శాతం లోన్ ఇస్తే, అప్పులో తేడా 12 లక్షలు. 8 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లకు నెలవారీ తేడా 10 వేల చిల్లర. అంటే బయటికెళ్లినందుకు మిగిలేది నెలకు 10 వేలు. దూరపు ఇంటి నుంచి ఆఫీసుకు రానూపోనూ 60 కిలోమీటర్లు, దగ్గరి ఇంటి నుంచి 20. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు, లీటరు 107 రూపాయలు, నెలకు 22 రోజులు అనుకుంటే పెట్రోలు ఖర్చు ఒకచోట 9,400, మరోచోట 3,100. మిగిలిన 10 వేల్లో 6 వేల పైచిలుకు బంకులోనే పోయింది. భార్య కూడా ఉద్యోగం చేస్తూ రెండో బండి తీయాల్సి వస్తే, పిల్లల స్కూల్ బస్సు ఫీజు కలిస్తే, చవక ఏరియా చవకగా మిగలదు. పైగా ఈఎంఐలో ప్రతి నెలా కొంత అసలు తీరుతుంది. ఇరవై ఏళ్లకు ఇల్లు మనదవుతుంది. పెట్రోలు బిల్లు ఇరవై ఏళ్లు కట్టినా చేతికొచ్చేదేమీ ఉండదు. రోజూ రోడ్డు మీద పోయే రెండు గంటలను ఈ లెక్కలో వేయనే లేదు.

డౌన్ పేమెంట్ దగ్గర కూడా చాలామంది తడబడతారు. 60 లక్షల ఫ్లాటుకు 12 లక్షలుంటే చాలనుకుంటారు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 2021 జూలై నుంచి 7.5 శాతం. పూర్తి విలువ మీద కడితే నాలుగున్నర లక్షలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ, ఇంకో 3 లక్షలు. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఈ ధరల్లో ఇళ్లకు రిజిస్ట్రేషన్ ఖర్చును ఇంటి విలువలో కలిపి లోన్ ఇవ్వకూడదు. కాబట్టి చేతిలో ఉండాల్సింది 12 కాదు, దాదాపు 20 లక్షలు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గృహప్రవేశం భోజనాలు దీనికి అదనం. పాత ఫ్లాట్ కొంటే జీఎస్టీ ఉండదు. ఒక్క ఆ తేడాతోనే వంటింటి పని అయిపోతుంది.

ఇక బ్రోచర్లు. ప్రతి బ్రోచర్‌లో ఒక మ్యాపు, అందులో చుక్కల గీతతో రాబోయే మెట్రో, పక్కన రాబోయే ఐటీ పార్కు. ఆ గీతకు కూడా మనం డబ్బు కడుతున్నామన్నది ఎవరూ చెప్పరు. మెట్రో వస్తుందన్న వార్త రాగానే ధర పెరుగుతుంది, వచ్చేదాకా ఆగదు. మెట్రో రాకపోతే మాత్రం పెరిగిన ధర వెనక్కి ఇచ్చేవాడుండడు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి మెట్రోకు శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ లైను పక్కకు పోయింది. కొత్త ప్రణాళికలో విమానాశ్రయం లైను నాగోల్ వైపు నుంచి వెళ్తుంది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా మెట్రో మొదటి దశలోనే ఉండాల్సింది. మిగతా లైన్లు 2020 ఫిబ్రవరికల్లా పూర్తయినా పాతబస్తీ ముక్క మాత్రం ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై, ఏళ్ల తరబడి పిల్లర్ల దగ్గరే ఆగిపోయాయి. ఫ్లైఓవర్ వస్తుందని బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు కొన్నవాళ్లు ఇన్నేళ్లూ ఆ పిల్లర్ల మధ్య గుంతల్లోనే ఆఫీసుకు వెళ్లొచ్చారు.

అందుకే ఏరియా చూసేటప్పుడు ఇవాళ నడుస్తున్న బస్సు, ఇవాళ వస్తున్న నీళ్లు, ఇవాళ తెరిచి ఉన్న స్కూలు, వీటికే డబ్బు కట్టాలి. రేపటివి వస్తే సంతోషం.

ఈ లెక్కన తూర్పు వైపును మనం తక్కువ అంచనా వేస్తున్నామనిపిస్తుంది. నాగోల్‌లో మెట్రో ఎక్కితే దాదాపు గంటలో రాయదుర్గంలో దిగొచ్చు. గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు. ఔటర్ అవతల ఎక్కడో పడమటి దిక్కున కొని, 'హైటెక్ సిటీకి దగ్గర' అని చెప్పుకుంటూ సర్వీస్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటంబావు కూర్చునేవాడి కంటే నాగోల్‌వాడే హాయిగా వెళ్తాడు, సీటు దొరికితే ఒక కునుకు కూడా తీస్తాడు. ఉప్పల్, నాగోల్, ఎల్బీనగర్, వనస్థలిపురం, మల్కాజిగిరి, అల్వాల్ లాంటి చోట్ల పాత కాలనీలకు కూరగాయల మార్కెట్టు, గుడి, ఆస్పత్రి, ట్యూషన్ సెంటరు అన్నీ నడిచివెళ్లే దూరంలో ఉంటాయి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి, మంచి బస్సు రూటు పక్కన ఇల్లంటే ఇంట్లో ఆడవాళ్ల ప్రయాణ ఖర్చు సున్నా. గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్‌లో ఇది ఎప్పుడూ కనిపించదు, ఎందుకంటే అక్కడి నుంచి బస్టాపుకు వెళ్లాలంటే ముందు ఆటో కావాలి.

నీళ్ల సంగతి కొంచెం నిదానంగా చూడాలి. బ్రోచర్‌లో దొరకనిది అపార్ట్‌మెంట్ కింద లిఫ్టు పక్కనుండే నోటీస్ బోర్డులో దొరుకుతుంది. చాలా అపార్ట్‌మెంట్లలో నెలవారీ మెయింటెనెన్స్ లెక్కను ఒక కాగితం మీద రాసి అక్కడ అంటిస్తారు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు సర్వీసు, కామన్ కరెంటు బిల్లు, మోటారు రిపేరు, ట్యాంకర్లు. ఆ చివరి వరుసలో ట్యాంకర్ల సంఖ్యే అసలు కథ. జనవరిలో నాలుగుంటే ఏప్రిల్‌లో నలభై ఉండొచ్చు. కాబట్టి ఫ్లాట్ చూడటానికి వెళ్లాల్సింది వానాకాలంలో కాదు, ఎండాకాలంలో. కాగితం లేకపోతే వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి అడగండి. బోరు ఎన్ని అడుగులు, మంజీరా నీళ్లు, అంటే మున్సిపల్ కుళాయి నీళ్లు, ఎన్ని రోజులకోసారి వదులుతారు, సంపు ఎంత నిండుతుంది, అన్నీ అతనికే తెలుసు. ఓనరుకు తెలియదు, తెలిసినా చెప్పడు. ఇదే పనిగా సెల్లారు గోడలు కూడా చూడండి. కొత్తగా సున్నం వేసిన గోడ మీద కూడా మోకాలి ఎత్తున చెమ్మ గీత కనిపిస్తుంటే, అక్కడికి వాన నీళ్లు వచ్చి వెళ్లాయన్నమాట.

ఆ గీతకు ఈ ఊళ్లో చాలా చరిత్ర ఉంది. 2016 సెప్టెంబరు వానలకు నిజాంపేట బండారీ లేఅవుట్‌లో సెల్లార్లు మునిగి రోజుల తరబడి జనం ఇళ్లలోనే ఉండిపోయారు. 2020 అక్టోబరులో టోలీచౌకి నదీం కాలనీ, సరూర్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి నీళ్లు హఫీజ్ బాబానగర్ మీదకు వచ్చాయి. వీటిలో చాలాచోట్ల ఇల్లు కొనేటప్పుడు ధర కాస్త తక్కువే. ఎందుకు తక్కువో అడగాలి కదా.

చెరువు పక్కన ఇంకో ప్రమాదం కాగితాల్లో ఉంటుంది. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ జోన్, అంటే కట్టడాలు ఉండకూడని జాగా. చెరువులు, ప్రభుత్వ స్థలాల్లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక, అంటే 2024 జూలై తర్వాత, ఈ మాటలు ఇంటింటా వినిపిస్తున్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులో అమీన్‌పూర్ దగ్గర కిష్టారెడ్డిపేటలో ప్రభుత్వ భూమిలో కట్టారంటూ బహుళ అంతస్తుల భవనాలను కూల్చినప్పుడు టీవీల్లో చూశాం. హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులున్నాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరు కొట్టి 22ఏ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితా, చూసుకోవచ్చు. బ్యాంకు లోన్ ఇచ్చిందంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టేననే నమ్మకం మనవాళ్లకు గట్టిగా ఉంది. బ్యాంకు చూసేది తన అప్పు భద్రతను. లాయరు ఫీజుకు కొన్ని వేలు ఖర్చుపెట్టి సొంతంగా చూపించుకోవడం వేరు.

వాసన సంగతి మ్యాపుల్లోనూ ఉండదు, కాగితాల్లోనూ ఉండదు. బొల్లారం, కాజీపల్లి పారిశ్రామికవాడల నుంచి రాత్రిళ్లు రసాయనాల ఘాటు వస్తోందని బాచుపల్లి, ప్రగతినగర్ వైపువాళ్లు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. జవహర్‌నగర్ డంప్ యార్డు సంగతి దమ్మాయిగూడ, నాగారం వాళ్లను అడిగితే చెబుతారు. సైట్ విజిట్‌కు ఆదివారం పొద్దున్నే తీసుకెళ్తారు. మీరు మళ్లీ ఒక మామూలు రోజు రాత్రి పదకొండింటికి వెళ్లండి.

పాత ఫ్లాట్లలో తలనొప్పులు లేవని చెప్పడం లేదు. పార్కింగ్ ఇరుకు. లిఫ్టు మూలుగుతుంది. పాతికేళ్లు దాటిన బిల్డింగుకు లోన్ ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ పైన వేసుకున్నవి, అనుమతి ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేనివి కొల్లలు. అవి వదిలేయాల్సిందే, ఎంత చవకైనా సరే. కానీ ఒక విషయంలో పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంటుదే పైచేయి. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చనే హద్దు, లేకపోవడంతో ముప్ఫై, నలభై అంతస్తులు లేస్తున్నాయి. అక్కడ అంతే స్థలాన్ని అంతమంది పంచుకోవాలి. అదే సైజు పాత ఫ్లాటుకు వచ్చే యూడీఎస్, అంటే మన వాటా గజాలు, మామూలుగా దీనికంటే ఎక్కువ. ముప్ఫై ఏళ్ల తర్వాత గోడలకు విలువుండదు, ఆ గజాలకే ఉంటుంది.

దీనికి అందరూ చెప్పే జవాబు నాకు తెలుసు. 'కోకాపేటలో అప్పట్లో కొన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో చూడండి.' చూశాం. 2023 ఆగస్టు వేలంలో అక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో ఎకరం వంద కోట్లు దాటింది. అయితే కోకాపేటలో కొన్నవాళ్లు పెళ్లిళ్లలో కనపడి చెబుతారు, ఎటూ కదలని లేఅవుట్లలో కొన్నవాళ్లు చెప్పరు. ఉన్న ఒక్క ఇంటితో, ఇరవై ఏళ్ల అప్పుతో పందెం కాసే స్తోమత మొదటిసారి కొనేవాళ్లకు ఉండదు. 'ప్రీ లాంచ్' పేరుతో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా, అడుగుకు వెయ్యి తక్కువ అంటూ డబ్బు కట్టించుకునేవాళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిదికి మించిన ఫ్లాట్లైనా రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడమే చట్టవిరుద్ధం.

వీలైతే కొనాలనుకున్న ఏరియాలోనే ముందు ఒక ఏడాది అద్దెకుండటం నా దృష్టిలో అన్నిటికంటే చవకైన జాగ్రత్త. 'అద్దె దండగ' అని ఇంట్లో పెద్దవాళ్లు కోప్పడతారు. మూడు లక్షల అద్దె పోతే పోనీ, అరవై లక్షల పొరపాటు తప్పుతుంది.

కొనేవాళ్లు ఎన్ని జాగ్రత్తలు పడినా ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వమే చేయాలి. జీఎస్టీ లెక్కల్లో 'అందుబాటు ధర ఇల్లు' అంటే 45 లక్షల లోపు, మెట్రో నగరాల్లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా లోపు. 2019లో పెట్టిన ఆ 45 లక్షల గీత దగ్గరే ఉండిపోతే హైదరాబాద్‌లో 1 శాతం జీఎస్టీకి అర్హత పొందే కొత్త ఫ్లాట్ మంచి ఏరియాలో దొరకదు. అంతకంటే సులువైన పని ఇంకోటుంది. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల రెండో దశ పట్టాలు మేడ్చల్‌కు, ఉందానగర్‌కు, ఘట్‌కేసర్‌కు పడ్డాయి. 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి రైలు కూడా మొదలైంది. టికెట్ కొన్ని రూపాయలే. కానీ రైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటే, టైములు ఆఫీసుకు కుదరకపోతే, ఘట్‌కేసర్‌లో ఇల్లున్నా బండి తీయాల్సిందే. పొద్దున, సాయంత్రం ఇరవై నిమిషాలకో రైలు నడిపితే, పైన వేసిన 9,400 రూపాయల పెట్రోలు లెక్క తారుమారై, నేను ఇక్కడ వద్దంటున్న ఏరియాల్లో కొన్నింటిని నేనే సిఫార్సు చేస్తాను.