కీ మీడియం

‘హ్యూజ్’ అన్న మాటకి అదే అర్థం వచ్చే ఇంకో మాట రాయమంటే మా వీధిలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ‘ఎనార్మస్’ అని రాసింది. అర మార్కు పోయింది. కీలో ‘బిగ్’ అని ఉంది కాబట్టి పోయింది. పిల్ల పేపరు పట్టుకుని సారు దగ్గరికెళ్లి అడిగింది. ఆయన పాపం నెమ్మదైన మనిషి. తిట్టలేదు, కొట్టలేదు. “కరెక్టేనమ్మా, కానీ కీలో లేదు” అన్నాడట.

ఆ ముక్క విన్న దగ్గర్నించీ నాకు చాలా సందేహాలు తీరిపోయాయి. మన పిల్లలు ఏ మీడియంలో చదవాలన్న దాని మీద పెద్దమనుషులు ఎంత రక్తం మరిగించుకున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిటికీ ఇంగ్లీషు మీడియం అని జీవో వచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. టీవీలో ఒకాయన తల్లిభాష కోసం కళ్లు తుడుచుకున్నాడు, పక్క కుర్చీలో ఆయన పేదపిల్లల కోసం తుడుచుకున్నాడు. ఇద్దరి మనవలూ మర్నాడు పొద్దున్నే ఒకే ఏసీ బస్సెక్కి బడికి పోయారనుకోండి, అది వేరే సంగతి. ఇంత గొడవలోనూ ఎవరి కంటా పడనిదేమిటంటే, గోదావరి డెల్టాలో ఆ రెండూ కాని మూడో మీడియం ఒకటి ఎప్పుడో స్థిరపడిపోయింది. ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు. కీ మీడియం.

ఈ మీడియానికి పాఠ్యపుస్తకం గైడు. ఎడమ పక్కన ఒక మాట, కుడి పక్కన ఒక మాట, మధ్యలో గీత. వాక్యం అనేది ఎక్కడా ఉండదు. వాక్యం పెడితే పిల్లలకి అర్థమైపోయే ప్రమాదం ఉంది. మాటల కింద చిన్న అక్షరాల్లో తెలుగులో ఎలా పలకాలో కూడా వేస్తారు. ఇది ముఖ్యంగా తల్లుల సౌకర్యార్థం. ఎందుకంటే సాయంత్రాలు అప్పజెప్పించుకునే డ్యూటీ వాళ్లదే. ఒక చేత్తో చేపల పులుసు కలియబెడుతూ ఇంకో చేత్తో గైడు పట్టుకుని ఆవిడ అడుగుతుంది.

“అబండెంట్?”

“ప్లెంటీ.”

“తర్వాత ఇంకా ఏదో ఉంది.”

“ఏం లేదమ్మా, అంతే.”

“ఫుల్లేదే? ఫుల్లు మింగేశావు. మళ్లీ చెప్పు.”

మళ్లీ చెబుతుంది. పులుసు మాడదు, పిల్ల మాడుతుంది.

ఈ విద్య పరాకాష్ఠకి వెళితే ఎలా ఉంటుందో చూసే భాగ్యం మా పక్క ఊళ్లో ఒక ప్రైవేటు బడి వార్షికోత్సవంలో కలిగింది. కరస్పాండెంటు గారు మైకందుకుని “మా స్కూలు ఆణిముత్యం” అంటూ ఆరో తరగతి పిల్లని వేదిక మీదికి పిలిచారు. పట్టు పరికిణీ, రెండు జడలు, జడల నిండా కనకాంబరాలు. గైడులో ఉన్న మాటలన్నిటికీ సినానిమ్ చెబుతుంది, సభలో ఎవరైనా ఏ మాటైనా అడగొచ్చు అన్నారు. సభ కదల్లేదు. అడిగితే ఎక్కడ ఎదురు ప్రశ్న వస్తుందోనని మావాళ్లు ఒకళ్ల వెనక ఒకళ్లు సర్దుకున్నారు. ముఖ్య అతిథి రొయ్యల చెరువుల ఆసామి. ఆయనకి తప్పదు. ఆహ్వానపత్రిక వెనకాల ఎవరో రాసిచ్చిన మాట చూసి గొంతు సవరించుకుని “హంబుల్” అన్నారు.

పిల్ల కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. కరస్పాండెంటు గారికి చెమటలు పడుతున్నాయి. అప్పుడు కళ్లు తెరిచి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగింది: “ఆయ్, మొదట్నించి చెప్పమంటారాండీ?”

చెప్పమన్నారు. అక్కడ జరిగింది తప్పు.

“అబాండన్ లీవ్, అబిలిటీ స్కిల్, అబండెంట్ ప్లెంటిఫుల్...” గైడు అక్షరక్రమంలో ఉంటుంది. ఏ నించి హెచ్ దాకా నడిచి రావాలి. ‘ఏ’ అయ్యేదాకా అందరూ చప్పట్లు కొట్టారు. ‘బీ’లో తల్లిదండ్రులు మాత్రమే కొట్టారు. ‘సీ’ దగ్గర ముఖ్య అతిథి వాచీ చూసుకున్నారు. ‘డీ’ దగ్గర భోజనాల వైపు నించి ఒకాయన వచ్చి బిర్యానీ చల్లారిపోతోందని చెవిలో చెప్పి వెళ్లాడు. ‘ఎఫ్’ దగ్గర కరెంటు పోయింది. మైకు ఆగింది, పిల్ల ఆగలేదు. ఆ చీకట్లో, దోమల్లో, “ఫెయిత్‌ఫుల్ లాయల్, ఫేమస్ వెల్‌నోన్” అని సన్నటి గొంతు వినిపిస్తూంటే ముందు వరసలో ముసలాయన ఒకాయన దండం పెట్టుకున్నాడు. జనరేటరు అందుకునేసరికి ‘జీ’ సగం అయింది, ముఖ్య అతిథికి కునుకు పట్టింది. చివరికి ‘హెచ్’ వచ్చింది. “హంబుల్ మోడెస్ట్!” సభంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుని లేచి చప్పట్లు కొట్టింది.

పిల్ల ఆగలేదు. చెప్పడం నేర్పారు గానీ ఆగడం ఎవరు నేర్పారని? “హంగ్రీ స్టార్వింగ్, ఐడిల్ లేజీ...” “చాలమ్మా” అన్నారు కరస్పాండెంటు గారు. “చాలు తల్లీ” అన్నారు. నరసాపురం స్టేషన్లో పట్టాలు అయిపోతాయి గనక రైలు ఆగుతుంది, ఈ రైలుకి జెడ్ దాకా పట్టాలున్నాయి. ‘క్యూ’ దగ్గర పీఈటీ సారు ఎత్తుకుని కిందికి దింపుతూంటే మెట్ల మీద “క్వైట్ సైలెంట్” అంటూనే దిగింది. మిగతాది భోజనాల షెడ్డు పక్కన ఒక్కతే నిలబడి పూర్తి చేసుకుంది. బహుమతిగా పైతరగతి గైడు ఇచ్చారు.

ఇక వ్యతిరేక పదాలు. గోదావరి జిల్లాల పిల్లలకి వ్యతిరేక పదాలు నేర్పాలని పీరియడు కేటాయించిన మహానుభావుడెవరో గానీ ఆయన రాజమండ్రిలో టీ కూడా తాగి ఉండడు. “అబ్బో, తమరు రావడమే మా అదృష్టమండీ” అంటే ఎందుకొచ్చావని. “వాడికేంటండీ, మహా బుద్ధిమంతుడు” అంటే సంబంధం కలుపుకోకండని. ఉయ్యాల్లో ఉన్నప్పటి నించీ పొగడ్తని తిరగేసి చదువుకోవడం అలవాటైన జాతి ఇది. పరీక్షలో ‘క్లెవర్’కి వ్యతిరేకపదంగా మా పిల్లలు మేనమామ పేరు రాయడం లేదంటే అది ఒట్టి పెంపకం.

ఇడియమ్స్ సంగతి చూడండి. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ లేని గైడు లేదు. కుండపోత వాన అని అర్థం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులు పైగా నీళ్లొచ్చాయి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమలో కొబ్బరి తోటలకి తోటలనే పడుకోబెట్టింది. లంకల్లో ఉండే పిల్లాడికి ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులంటే మొదటి హెచ్చరిక అని, 13.75 అంటే పుస్తకాల సంచీ అటకెక్కించాలని, 17.75 అంటే తనే ఎక్కాలని ఎవరూ చెప్పక్కర్లేదు. వానకి పిల్లులూ కుక్కలూ కొట్టుకుపోవడం వాడు కళ్లారా చూశాడు, కురవడం మటుకు చూడలేదు. అలాంటి పిల్లాణ్ణి పట్టుకుని ‘మీ ఊరు ములిగినప్పుడు ఏం జరిగిందో ఇంగ్లీషులో అయిదు వాక్యాలు రాయరా’ అన్నవాడు ఈ డెల్టాలో ఎవరైనా ఉన్నాడా? ఉండడు. ఆ అయిదు వాక్యాలకీ కీ ఎవరిస్తారు?

‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని ఇంకోటి ఉంది. ఎప్పుడో గానీ జరగనిది అని అర్థం. ఒకే నెలలో రెండో పున్నమి వస్తే దాన్ని బ్లూ మూన్ అంటున్నారు. మన రాష్ట్రంలో 2018లో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. 2024లో ఒకటి వచ్చి, పరీక్ష జరక్కుండానే రద్దయింది. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. 2018 డీఎస్సీకీ మెగా డీఎస్సీకీ మధ్య 2020 అక్టోబరులో ఒకటి, 2023 ఆగస్టులో ఒకటి, రెండు బ్లూ మూన్‌లు వచ్చి వెళ్లిపోయాయి. అంచేత గైడు వేసేవాళ్లకి మనవి: ఆ ఇడియం పాతబడింది, మార్చండి.

బట్టీ పట్టడం తప్పని నేననడం లేదు. ఈ డెల్టాలో అగ్రహారం పిల్లలు అమరకోశం మూడు కాండలూ పొద్దున్నే బట్టీ కొట్టిన రోజులున్నాయి. అదీ పర్యాయపదాల పుస్తకమే. కాకపోతే అమరం అయ్యాక కావ్యం ఎదురు చూస్తూ ఉండేది. ఈ మాటలన్నీ దాంట్లో ఏ సందర్భాన ఏది ఎందుకు వాడారో కనబడేది. ‘అమరం నెమరుకు వస్తే కావ్యాలెందుకు కాల్చనా’ అని సామెత. పూర్వులు వెటకారానికి అన్న మాట అది. మనవాళ్లు దాన్ని సర్క్యులర్ అనుకుని అమలు చేసేశారు.

ఇంకో చిత్రం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అదే 1852లో ఇంగ్లండులో పీటర్ మార్క్ రోజె అనే డాక్టరు తన థిసారస్ అచ్చు వేయించాడు. మాటల్ని ఆరు తరగతులుగా, వెయ్యి శీర్షికల కింద పేర్చాడాయన. దగ్గర దగ్గర అర్థాలున్న మాటలన్నీ ఒకచోట గుంపుగా పెడితే, రాసేవాడు తన భావానికి సరిపోయేది ఏరుకుంటాడని. ఏరుకోవడం కోసం! ఆ గుంపులోంచి ఒకదాన్ని మెడ పట్టి బయటికి లాగి, తక్కినవన్నీ తప్పు అని దిద్దే పద్ధతి ఆయనకి తట్టలేదు. ఆయన ఒట్టి డాక్టరు, మన దగ్గర బీఈడీ చెయ్యలేదు.

పేపర్లో పాసేజీలు కూడా ఇస్తారు కదా అంటారు మీరు. ఇస్తారు. పాఠంలోంచి ఇచ్చిన పాసేజీకి జవాబులు గైడులో ముందే అచ్చయి ఉంటాయి.

ఇక్కడిదాకా వెటకారంగానే చెప్పుకొచ్చాను. ఇక్కణ్ణించి నా వల్ల కావడం లేదు.

కోనసీమ నించి, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల నించి కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? ఏ వీధిలో ఆగి అడిగినా నాలుగు గడపలు చూపిస్తారు. ఏజెంటు ఒక కాగితం తెస్తాడు. ఇంగ్లీషూ, అరబ్బీ. ఆవిడ దాన్ని కొడుకు చేతిలో పెడుతుంది. తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం, ప్రోగ్రెస్ కార్డులో ఇంగ్లీషుకి ఏవన్ గ్రేడు. “ఏం రాశాడో చూడరా నాన్నా.” వాడు చూస్తాడు. “టెర్మినేట్ అంటే ఎండ్ అమ్మా. కన్సెంట్ అంటే అగ్రీ.” “అది సరే, ఏమంటున్నాడు?” వాడికి తెలీదు. మాటలన్నీ తెలుసు, ఏమంటున్నాడో తెలీదు! ఏజెంటు పెన్ను మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ సంతకం పెడుతుంది. కొడుక్కి ఇంగ్లీషొచ్చన్న ధైర్యంతో పెడుతుంది.

సిగ్గుండాలి మనకి. ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు పొద్దున్న అయిదింటికి స్టడీ అవరని లేపి, నిద్రమొహాలతో కూర్చోబెట్టి, తల్లి పంపిన డబ్బుతో ఫీజులు కట్టించుకుని, ఆ తల్లి కాగితం చదవలేని వాణ్ణి తయారు చేసి, పైగా ఏవన్ వేసి చేతిలో పెట్టాం. వాడిది మొద్దుబుర్ర కాదు. వందలకొద్దీ మాటలు తలలో పెట్టుకున్న బుర్ర మొద్దుదెలా అవుతుంది? దానికి ఒక్క నిండు పేజీ ఇవ్వనివాళ్లం మనం. ఒక కథ ఇవ్వలేదు, ఒక వార్త ఇవ్వలేదు, మందు సీసాతో వచ్చే చీటీ అయినా ఇవ్వలేదు.

ఇందులో ఇంకో దారుణం ఉంది. పది పాసైనవాడి పాస్‌పోర్టు మీద ‘ఎమిగ్రేషన్ చెక్ కావాలి’ అన్న ముద్ర ఉండదు. అంటే సర్కారు లెక్కలో వాడు చదువుకున్నవాడు, వాడి కాగితం వాడే చదువుకోగలడు, ఇంకెవరూ సరిచూడక్కర్లేదు. ఆ నమ్మకం మీదే వాణ్ణి విమానం ఎక్కిస్తున్నాం. ఆ నమ్మకానికి ఆధారం మనం దిద్దిన పేపర్లు.

ఇంగ్లీషు వద్దంటున్నానని ఎవరూ నా మీదికి రాకండి. ఇంగ్లీషు కావాలి, ఇక్కడ ఇంకా ఎక్కువ కావాలి. అందుకే ఈ కడుపుమంట.

పరీక్షల వాళ్లకి ఒక్కటే అర్జీ. వచ్చే ఏడు పదో తరగతి పేపర్లో ఒక పేజీ ఉద్యోగ ఒప్పందం అచ్చువేయండి. జీతమెంత, సెలవెన్నాళ్లు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందన్నారు, మధ్యలో వచ్చేస్తే టికెట్టు ఖర్చు ఎవరిది. నాలుగు ప్రశ్నలు, నాలుగు మార్కులు. జవాబు తప్పుల ఇంగ్లీషులో రాసినా వేయండి, తెలుగులో రాసినా వేయండి. దిద్దేవాళ్లకి కీ కావాలంటే అమలాపురం బస్టాండులో ఎయిర్‌పోర్టు నించి వచ్చి దిగేవాళ్లుంటారు. ఒకావిణ్ణి ఆపి అడగండి, నాలుగింటికీ చెబుతుంది.