వాసన తియ్యగా ఉంటే వైన్ తియ్యగా ఉన్నట్టేనా?

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంకా గుటకైనా వేయకుండానే "అబ్బే, ఇది స్వీట్ వైన్, నాకొద్దు" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అల్సాస్ గెవుర్ట్స్‌ట్రామినర్ గురించే చెబుతున్నా. ఫ్రాన్స్ తూర్పు అంచున, వోజ్ కొండలకీ రైన్ నదికీ మధ్య ఉన్న అల్సాస్‌లో పండే ద్రాక్ష అది, దాంతో చేసే వైన్‌కీ అదే పేరు. వాన మేఘాల్ని చాలావరకు ఆ కొండలే ఆపేస్తాయి కాబట్టి కాయ బాగా పండుతుంది. తొక్క గులాబీ రంగులో ఉంటుంది, అందుకే వైట్ వైన్ అయినా కాస్త బంగారు ఛాయ.

దీన్లో లిచీ, గులాబీ వాసనలొస్తాయంటే అవి ఎవరో కల్పించి చెప్పినవి కావు. సిస్-రోజ్ ఆక్సైడ్ అనే పదార్థం లిచీ పండులోనూ ఉంది, ఈ వైన్‌లోనూ ఉంది. చక్కెరతో దానికి సంబంధం లేదు. మల్లెపువ్వు ఎంత తియ్యగా వాసనేసినా నమిలితే ఏముంటుంది?

అసలు పరీక్ష నోట్లోనే. ఈ ద్రాక్షకి పులుపు తక్కువ, ఆల్కహాల్ ఎక్కువ. 13.5, 14 శాతం మామూలే. నాసిరకం సీసా అయితే ముందు సెంటు కొట్టినట్టుంటుంది, తర్వాత గొంతు మండుతుంది, అంతే. మంచిదైతే నాలుక మీద నూనెలా చిక్కగా పరుచుకుని, మింగాక సన్నటి చేదు వదులుతుంది. ఆ చేదుకి మార్కులు కోసేవాళ్లున్నారు. నేనైతే వేస్తాను. పులుపు చేయాల్సిన పని ఇక్కడ ఆ చేదే చేస్తోంది, మొహం మొత్తకుండా కాపాడేది అదే. అది తగ్గాక కూడా గులాబీ వాసన నిలిచిందా లేదా అన్నదే నా లెక్క.

ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా పోసేస్తే వాసన చచ్చి చేదొక్కటే మిగులుతుంది. 10-12 డిగ్రీలు చాలు.

తప్పంతా తాగేవాళ్లదే అననులెండి. లోపల చక్కెర ఎంతుందో లేబుల్ మీద చెప్పకుండా తయారీదార్లు ఏళ్ల తరబడి అమ్మారు. 2021 పంట నుంచి చెప్పి తీరాలనే నియమం వచ్చింది. "సెక్" అని ఉంటే అది డ్రై, అంటే తీపి లేనిది.

ఇంకోటి, "స్పైసీ ఫుడ్‌కి ఇదే బెస్ట్" అని అందరూ వల్లించే మాట. కొంచెం తీపి ఉన్న సీసాకైతే సరే. డ్రై దాన్ని గుంటూరు కారంతో కలిపితే 14 శాతం ఆల్కహాల్ ఆ మంటని ఇంకా ఎగదోస్తుంది. దీనికి అక్కడివాళ్లు తినే ఘాటైన మన్‌స్టర్ చీజ్ కుదురుతుంది, మన వంటల్లో అయితే కొబ్బరిపాలు పోసి కారం బాగా తగ్గించిన కోడికూర.